గుట్టు ఎవరిది? లెక్క ఎవరిది?

సంక్రాంతి వెళ్లిన వారంలో నాకు ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఊరి తెలుగు బడి గురించి 2025 డిసెంబరులో నేను సమాచార హక్కు చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు అది. మంజూరైన ఉపాధ్యాయుల పోస్టులు ఎన్ని అన్న ప్రశ్నకు అంకె వేశారు. ఆ పోస్టుల్లో జీతం తీసుకుంటున్నది ఎవరు, వారు నిజంగా పనిచేస్తున్నది ఎక్కడ, ఏ ఉత్తర్వు మీద డెప్యుటేషన్ వెళ్లారు అన్న ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకటే వాక్యం: ఇది వ్యక్తిగత సమాచారం కనుక సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వడానికి వీలులేదట.

ఇవే ప్రశ్నలు ఇదే కార్యాలయాన్ని 2019లో అడిగాను. అప్పుడు పేర్లతో, తేదీలతో, ఉత్తర్వుల నకళ్లతో జవాబు వచ్చింది. ఐదు తరగతులకు ఇద్దరే పంతుళ్లున్న బడిలో ఒకరు మూడేళ్లుగా వేరే ఊళ్లో ఆఫీసు పని చేస్తున్నారని, జీతం మాత్రం మా బడి పేరనే రాస్తున్నారని ఆ కాగితాల్లో తేలింది. వాటి ఆధారంగా ఈ పత్రికలోనే ఒక పేజీ వ్యాసం అచ్చయింది. పాత చందాదారులకు గుర్తుండవచ్చు. మేమున్న రాష్ట్రపు పెద్ద పత్రికలకు మన బడి వార్త కాదు. ఆంధ్రదేశపు పెద్ద పత్రికలకు మన ఊరు వార్త కాదు. మన గోడు చెప్పుకోవడానికి ఇలాంటి చిన్న పత్రికలే దిక్కు. ఆ ఒక్క పేజీ పట్టుకుని తల్లిదండ్రులు వెళ్లి అధికారి బల్ల మీద పెట్టారు. నాలుగు నెలల్లో ఆ టీచరు బడికి తిరిగి వచ్చారు.

ఈసారి సంపాదకుల చేతికి ఇవ్వడానికి నా దగ్గర కాగితం లేదు. "టీచర్లు రావడం లేదట" అని రాయవచ్చు. "అట" అని రాస్తే అధికారి నవ్వి ఊరుకుంటాడు.

ఈ ఆరేళ్లలో బడి మారలేదు, కార్యాలయమూ మారలేదు. మారింది చట్టం. ఆ మార్పు మన గుట్టు కాపాడే పేరుతో వచ్చింది గనుక చాలామంది దాన్ని గమనించలేదు; గమనించిన కొందరు మంచిదేగా అనుకున్నారు. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్లు దాటింది. చట్టాన్నయినా ఆవర్జా చదివినట్టే చదువుతాను. ఎవరి ఖాతాకు జమ వేశారు, ఎవరి ఖాతాకు ఖర్చు రాశారు? ఈ వ్యాసంలో నేను చేయబోయేది ఆ లెక్క ఒక్కటే.

ముందు జమ చూద్దాం. వ్యక్తిగత గోప్యత పౌరుడి ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ కేసు వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆధార్ పేరుతో ప్రజల వేలిముద్రలు, కనుపాప గుర్తులు సేకరిస్తున్న ప్రభుత్వం మీద ఒక వృద్ధుడు వేసిన కేసు అది. గోప్యత అన్న మాట మన రాజ్యాంగ న్యాయంలో అంత గట్టిగా నిలిచింది, సర్కారుకు ఎదురు నిలిచిన పౌరుడి కవచంగానే. ఈ సంగతి మరవకూడదు.

ఆ తీర్పు ఫలంగా రావలసిన చట్టం ఆరేళ్లు సాగి, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పేరుతో 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. అందులో మంచి లేదని నేననను. మన సమాచారం తీసుకునేవాడు ఎందుకు తీసుకుంటున్నాడో చెప్పి అనుమతి అడగాలి. ఆ నోటీసును ఇంగ్లీషులోగానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే బరంపురంలోనో షోలాపురంలోనో ఉన్న తెలుగువాడు కూడా ఆ నోటీసును తెలుగులో అడగవచ్చు. మనకిది చిన్న విషయం కాదు. అయితే నియమావళి 2025 నవంబరులో వెలువడినప్పుడు ఈ బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. కంపెనీలు సర్దుకోవడానికి వ్యవధి కావాలి గదా!

ఇక ఖర్చు వైపు చూడండి. అదే చట్టంలో 44వ సెక్షన్ మూడో ఉపవిభాగం సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. దానికి పద్దెనిమిది నెలల గడువు లేదు. 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. పౌరుడికి రావలసింది వాయిదా మీద, పౌరుడి నుంచి పోవలసింది రొక్కంగా!

2005 నాటి సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) చాలా జాగ్రత్తగా రాసిన నిబంధన. ప్రజా కార్యకలాపంతోగానీ ప్రజా ప్రయోజనంతోగానీ సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, ఒకరి ఏకాంతానికి అకారణంగా భంగం కలిగించే సమాచారాన్ని ఇవ్వనక్కర లేదన్నారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వవచ్చన్నారు. చివర ఒక మాట చేర్చారు: పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదు. ఆ మాటకు అర్థమేమిటి? ఈ దేశంలో దరఖాస్తు పెట్టుకున్న సామాన్యుడు శాసనసభ్యుడికి తీసిపోడని. ఇప్పుడు ఆ నిబంధనలో మిగిలింది ఒక్క ముక్క: "వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది." షరతులు పోయాయి, మినహాయింపులు పోయాయి, చివరి మాటా పోయింది.

పేరు లేని పాలన ఎక్కడైనా ఉంటుందా? మస్టరు రోలులో ఉండేది పేర్లే. రేషను జాబితాలో ఉండేది పేర్లే. కాంట్రాక్టు పొందినవాడు, జీతం తీసుకునేవాడు, సంతకం పెట్టినవాడు, అందరూ పేర్లున్న మనుషులే. రాజస్థాన్ పల్లెల్లో 1990లలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు జనసునవాయీలు పెట్టి మస్టరు రోళ్లు బయటికి చదివినప్పుడే సమాచార హక్కు ఉద్యమం ఊపందుకుంది. పని చేయనివారి పేర, చనిపోయినవారి పేర కూలి రాసుకున్న సంగతి ఆ పేర్లు చదివితేనే గదా తెలిసింది! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీలు దేశానికి దారి చూపాయి. అక్కడా గ్రామసభలో పేర్లు చదివి, "నీకు ముట్టిందా?" అని అడిగారు. పేరు దాస్తే ఆ ప్రశ్న అడగడం ఎలా?

గోప్యత గురించి బ్యాంకు వాడికి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టంలోనే ఖాతాదారుల వ్యవహారాలు రహస్యంగా ఉంచాలన్న నిబంధన ఉంది. మేం పరీక్షలకు చదివిన టూర్నియర్ కేసు 1924 నాటిది. బ్యాంకరు ఖాతాదారు గుట్టు కాపాడాలని చెప్పిన ఆ తీర్పే, నాలుగు సందర్భాల్లో చెప్పక తప్పదని కూడా చెప్పింది. అందులో ఒకటి ప్రజల పట్ల కర్తవ్యం. వందేళ్లుగా మా వృత్తి ధర్మం ఇది. ఖాతాదారు గుట్టు బ్యాంకు బయటపెట్టరాదు. అలాగని బ్యాంకు తన లెక్కలు దాచుకోరాదు. ఆడిటరు వస్తే బీరువా తాళాలు తీసి ఇవ్వాలి. క్యాషియరు లేచి నిలబడి, "నా గల్లాలో ఎంత ఉందన్నది నా వ్యక్తిగత విషయం" అంటే ఏ మేనేజరైనా ఒప్పుకుంటాడా? ఈ సవరణ ఆ క్యాషియరుకే పత్రం రాసి ఇచ్చింది. అధికారి జీతం ఎవరి డబ్బు? అతని బదిలీ ఉత్తర్వు ఎవరి పని మీద ఇచ్చింది? అవి గుట్టు కావు, లెక్కలు. ఈ తేడా చెరిపెయ్యడమే ఈ చట్టం చేసిన అసలు తప్పు.

లెక్కకు గుట్టు అని పేరు పెట్టడం కొత్త విద్య కాదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకం గుర్తుంది కదా? పార్టీలకు ఎవరు ఎంత ఇచ్చారో చెప్పకపోవడానికి దాతల గోప్యతే కారణమన్నారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్నది. వివరాలివ్వడానికి భారతీయ స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగితే మార్చి 11న కోర్టు కాదన్నది. ఆ వారంలోనే పేర్లు జనం ముందుకు వచ్చాయి. ఆకాశం విరిగి పడలేదు. బయటికి వచ్చింది ఎవరి పడకగది సంగతీ కాదు, పార్టీల పద్దు.

దీనికి ప్రభుత్వం చెప్పే సమాధానం ఒకటుంది. న్యాయంగా అదీ చెప్పాలి. సెక్షన్ 8(2) అలాగే ఉంది. హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు. కనుక పోయిందేమీ లేదంటారు. నేను ముప్పై ఏళ్లుగా ఆఫీసరుగిరీ చేస్తున్నవాణ్ణి. ఆఫీసరు మనసు నాకు తెలుసు. "ఇవ్వాలి" అని రాసి ఉంటే ఇస్తాడు. "ఇవ్వవచ్చు" అని రాసి ఉంటే ఫైలు పక్కన పెడతాడు. పైగా లెక్క చూడండి. సమాచారాన్ని అన్యాయంగా నిరాకరించిన అధికారికి పడే జరిమానా రోజుకు 250 రూపాయలు, ఎంత లాగినా 25,000 మించదు. డేటా చట్టంలోని జరిమానాలు 250 కోట్ల దాకా ఉన్నాయి. ఆ జరిమానా తన మీద పడేది కాకపోయినా, ఆ అంకె విన్న గుమాస్తా చెయ్యి ఎటు వణుకుతుంది? ఇక అదే సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి కార్యాలయమూ తన ఉద్యోగుల జీతాలను, రాయితీలు పొందినవారి వివరాలను అడగకుండానే ప్రచురించాలని ఇప్పటికీ చెబుతోంది. అడగకుండా ఇవ్వవలసింది అడిగితే ఇవ్వరట!

ఇప్పుడు పత్రికల సంగతికి వద్దాం. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో తయారుచేసిన ముసాయిదాలో పత్రికా రచన కోసం వాడే సమాచారానికి మినహాయింపు ఉంది. 2019 బిల్లులోనూ ఉంది. 2022 ముసాయిదాకు వచ్చేసరికి మాయమైంది. 2023 చట్టంలో లేనేలేదు. ఎడిటర్స్ గిల్డ్ అడిగినా చేర్చలేదు. పూర్తిగా అమలైననాడు, ఒక కాంట్రాక్టరు దొంగ బిల్లుల గురించి వివరాలు సేకరించి కంప్యూటర్లో పెట్టుకున్న విలేకరిని, "నా అనుమతి ఏదీ?" అని ఆ కాంట్రాక్టరే నిలదీయవచ్చు. దొంగను అడిగి దొంగతనం గురించి రాయాలన్నమాట. ఇతర నిబంధనలు మీరినందుకు జరిమానా 50 కోట్ల దాకా ఉంది. పెద్ద పత్రికకు వకీళ్లుంటారు, వాదించుకుంటుంది. మన పత్రికకు ఎవరున్నారు? సంపాదకులు, వారి శ్రీమతి, చిరునామాలు అంటించే ఇద్దరు కుర్రాళ్లు. చందాదారుల పట్టిక కంప్యూటర్లో ఉంది గనుక ఈ పత్రికా ఆ చట్టం పరిధిలోనిదే. కొన్ని తరగతుల వారిని మినహాయించే అధికారం కేంద్రం తన చేతిలో ఉంచుకుంది. తన సంస్థల్లో తాను కోరిన వాటిని మినహాయించుకునే అధికారమూ దానిదే. ఫిర్యాదులు విచారించే బోర్డు సభ్యులను నియమించేదీ అదే. మరి గుట్టు రట్టయిన ఖాతాదారుకు దక్కేదేమిటి? జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది. నష్టపోయినవాడికి ఈ చట్టం కింద పైసా పరిహారం లేదు.

అదే 2023లో రెండో చట్టం కూడా వచ్చింది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం స్థానంలో ప్రెస్, నియతకాలిక పత్రికల రిజిస్ట్రేషన్ చట్టాన్ని డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం తెల్లవాడు నిఘా కోసం చేసింది. దానికి కాలం చెల్లిందంటే కాదనను. డిక్లరేషన్ కోసం కలెక్టరాఫీసు మెట్లెక్కే బాధ తప్పి, ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. అందుకు సంతోషం. కానీ ప్రెస్ రిజిస్ట్రారుగానీ, ఆయన అధికారమిచ్చిన గెజిటెడ్ అధికారిగానీ పత్రిక ఆవరణలోకి వచ్చి రికార్డులు చూసి, నకళ్లు తీసుకుని, ప్రశ్నలు వేయవచ్చునన్న నిబంధన అందులో ఉంది. దీని మీద గిల్డ్ 2023 ఆగస్టులోనే ఆందోళన చెప్పింది. ఉగ్రవాద కార్యకలాపాలకో, రాజ్య భద్రతకు విరుద్ధంగా ఏదైనా చేసినందుకో శిక్ష పడినవాడు పత్రిక పెట్టరాదన్నారు. "ఏదైనా" అన్న మాటకు హద్దెక్కడ? 1908లో బెజవాడ "స్వరాజ్య"లో అచ్చయిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లారు. ఈ కొలతతో చూస్తే ఆయన మళ్లీ పత్రిక పెట్టగలిగేవారా?

రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి అంకణా కట్టండి. అధికారి పత్రిక గదిలోకి వచ్చి కాగితాలు చూడవచ్చు. పత్రిక అడిగితే మాత్రం అధికారి తన కాగితాన్ని వ్యక్తిగతం అనవచ్చు. రెండు వైపులా కూడిక సరిపోని ఇలాంటి పద్దును మా బ్యాంకులో గుమాస్తా తెస్తే, రాత్రి ఎనిమిదయినా ఇంటికి పంపం.

పత్రికల వాళ్లంతా సత్యహరిశ్చంద్రులని నేననను. నేను ఒక చిన్న శాఖలో మేనేజరుగా ఉన్నప్పుడు, ఏడాదికి రెండు సంచికలు వేసే ఒక వారపత్రిక పెద్దమనిషి వచ్చి, అప్పు ఎగ్గొట్టిన రైతుల పేర్లివ్వమని, లేదంటే ప్రకటన ఇమ్మని బల్లగుద్దాడు. రెండూ ఇవ్వనన్నాను. నెల తిరగకుండా నా మీద సగం పేజీ రాశాడు. మా అమ్మ ఆ కాగితం చూసి రెండు రోజులు అన్నం తినలేదు. అయినా చెబుతున్నాను: ఆనాడు నేను రైతుల పేర్లు ఇవ్వకపోవడానికి పాత నిబంధనే చాలు. రైతు అప్పు రైతు గుట్టు. అదే శాఖలో నేను ఎవరికి ఎంత మంజూరు చేశాను, నిబంధన ప్రకారమే చేశానా అన్నది నా పై అధికారులకూ, అవసరమైతే ప్రజలకూ నేను చెప్పుకోవలసిన లెక్క. ఆ పెద్దమనిషి లాంటివారికి పరువునష్టం చట్టం ఉంది, బెదిరింపుకు శిక్షాస్మృతి ఉంది, ప్రెస్ కౌన్సిల్ ఉంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

కావలసినవి నాలుగే. 8(1)(జె)ని 2005 నాటి మాటలతో యథాతథంగా నిలబెట్టాలి. శ్రీకృష్ణ ముసాయిదాలో ఉన్న పత్రికా రచన మినహాయింపును తిరిగి చేర్చాలి. అది పెద్ద సంస్థలకే పరిమితం కాకుండా చిన్న భాషా పత్రికలకూ వర్తించాలి. డేటా బోర్డు నియామకాలు ప్రభుత్వం ఒక్కదాని చేతిలో ఉండరాదు. పత్రిక ఆవరణలో తనిఖీ అంటే కారణం ముందుగా రాతపూర్వకంగా చూపాలి. "మీలాంటి చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారండీ?" అని ఓదార్చే మిత్రులున్నారు. అప్పు పత్రం మీద లేని నోటిమాటను నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నమ్మలేదు.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర లేదు. హోసూరులో, బళ్లారిలో, రాయగడలో, షోలాపురంలో, యానాంలో ఉన్న మిత్రులకు నా మనవి ఇది. దరఖాస్తు పెట్టేటప్పుడే సెక్షన్ 8(2)ను పేర్కొని, ఈ సమాచారంలో ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. జీతాలూ రాయితీల విషయమైతే సెక్షన్ 4ను ఎత్తిచూపండి. నిరాకరిస్తే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. నిరాకరించిన ఉత్తరాన్ని దాచుకోకుండా ఈ పత్రికకు పంపండి. ఇవ్వని జవాబు కూడా వార్తే. దాన్ని అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా అప్పీలు వేశాను. మా బడిలో ఐదు తరగతుల పిల్లలు ఇప్పటికీ ఒకే గదిలో, ఒకే టీచరు ముందు కూర్చుంటున్నారు. రెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ పేర నెలనెలా జీతం ఎవరు తీసుకుంటున్నారో ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలియాలి. అది ఎవరి గుట్టూ కాదు. అది వాళ్లకు రావలసిన లెక్క.